మూడు పేపర్ల మొక్కు

నవీనను మనోమిత్రగా ఎంపిక చేసింది ఆమె మంచి మనసు చూసి కాదు, ఆ రోజు ముందు బెంచీలో కూర్చుంది కాబట్టి. కరీంనగర్‌లోని ఆ డిగ్రీ కాలేజీకి పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి కాలేజీలో ఆరుగురు విద్యార్థులకు శిక్షణ ఇప్పించాలనీ, మనసు బాగాలేని తోటి విద్యార్థులకు వాళ్లు అండగా నిలవాలనీ, వాళ్లను మనోమిత్రలు అని పిలవాలనీ అందులో ఉంది. కామర్స్ చెప్పే మమతారాణి మేడం ఆ కాగితంతో బీకాం మూడో సంవత్సరం క్లాసులోకి వచ్చి, ముందు బెంచీలోని ముగ్గురి పేర్లు రాసుకుంది. న్యాయంగా ఉండాలి కదా అని మిగతా ముగ్గురిని వెనక బెంచీలోంచి తీసుకుంది.

వెనక బెంచీ నుంచి వచ్చినవాళ్లలో జోయల్ ఒకడు. లక్సెట్టిపేట అవతలి పల్లె, ఉండేది కాలేజీ హాస్టల్లో. ఏడాది పొడుగునా అతను మాట్లాడే మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద రాయొచ్చు, అడ్రసుకు చోటు కూడా మిగులుతుంది.

"ఎక్కువ వింటడు, తక్కువ మాట్లాడుతడు. గీ పనికి గిసొంటోడే కావాలె," అంది మేడం.

జోయల్ దానికీ ఏమీ అనలేదు. అది కూడా అర్హత కిందే పోయింది.

నవీన అర్హతల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఆమెది సిరిసిల్ల. తండ్రి సాంబయ్య సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఎనిమిది సాంచాలు ఒక్క షెడ్డులో నడుస్తుంటే పక్కమనిషి చెవిలో అరిచినా పెదాలు కదిలినట్టు మాత్రమే తెలుస్తుంది. అందుకని సాంచాల నడుమ పెరిగిన పిల్లలకు గొంతు ఒకే మోతాదులో వస్తుంది. అన్నం పెట్టమన్నా, ఇంట్లో దొంగ పడ్డాడన్నా అదే గొంతు. నవీన చెవిలో చెప్పిన గుట్టు రెండు గదుల అవతల ఉన్నవాళ్లకు కూడా అందేది. ఇలాంటి పిల్లను తెచ్చి, తోటివాళ్ల రహస్యాలు కాపాడే పనిలో పెట్టారు. సర్కారు పనులను తప్పుపట్టడం మన పని కాదు.

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి ఒక సారు వచ్చాడు. రెండు రోజులు, రెండు పూటలా టీ, మధ్యాహ్నం బిర్యానీ. ఎదుటివాళ్లు చెబుతుంటే వినాలనీ, మధ్యలో అడ్డం పడకూడదనీ, సలహాలు ఇవ్వకూడదనీ, "గింతేనా" అనే మాట పొరపాటున కూడా రాకూడదనీ ఆయన చెప్పాడు. ఆరుగురికీ నీరసం వచ్చింది. సలహా ఇవ్వకుండా మనిషితో మాట్లాడేది ఇంకేం ఉంటుందో వాళ్లకు అర్థం కాలేదు. విన్నది బయట చెప్పకూడదని కూడా చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చే సంగతి అయితే మాత్రం వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

అసలు పాఠం రెండో రోజు బిర్యానీ తిన్నాక వచ్చింది. ఎవరైనా బతుకు మీద ఆశ వదులుకున్నట్టు అనుమానం వస్తే డొంకతిరుగుడు లేకుండా అడగాలట. "చనిపోవాలనుకుంటున్నావా?" అని, సూటిగా. అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, ఉన్న బరువు దిగుతుందనీ సారు చెప్పాడు. ఒక్కొక్కరినీ లేచి అడిగి చూపించమన్నాడు.

ఎవరికీ నోరు పెగల్లేదు. సాయిచంద్ అని మాటల పుట్ట ఒకడున్నాడు. వాడు లేచి, "అన్నా, నువ్వేమన్న... గట్ల... ఇగ గదే..." అని కూర్చున్నాడు. ఒకమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, ఇంగ్లీషులో అయితే దోషం లేదని. నవీనకు వాళ్ల నాయినమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పింది ఒక్కటే: తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటి నుంచి చెడ్డ మాట వస్తే అస్తు అంటారు. అందుకని ఆమె మనసులో ముందు దండం పెట్టుకుని, కళ్లు మూసుకుని అడిగింది. పై అంతస్తు నుంచి ప్రిన్సిపాల్ పరుగెత్తుకుంటూ దిగి వచ్చాడు. "కొంచెం మెల్లగా అడగాలమ్మా," అన్నాడు సారు.

జోయల్ ఒక్కడే తడబడకుండా అడిగాడు. లేచాడు, "చనిపోవాలనుకుంటున్నవా?" అన్నాడు, కూర్చున్నాడు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. సారు ముచ్చటపడి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ మాట వాడి నోటికి అంత అలవాటుగా ఎలా వచ్చిందో సారూ అడగలేదు, చప్పట్లు కొట్టిన ఐదుగురూ అడగలేదు.

తర్వాత మెట్ల కింద గది ఒకటి ఇచ్చారు. అంతకుముందు అందులో గాలి పోయిన ఫుట్‌బాళ్లు ఉండేవి. తలుపు మీద ప్రిన్సిపాల్ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు: "మానసిక సమస్యలు గలవారు లోనికి రావలెను." నెల గడిచింది. కాలేజీలో పన్నెండు వందల మంది విద్యార్థులున్నారు, ఒక్కడూ రాలేదు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి లోపలికి నడిచే ధైర్యం ఉన్నవాడికి ఇక సమస్యలేం ఉంటాయి?

ఇంతలో శుక్రవారం తనిఖీ బృందం వస్తోందని తెలిసింది. మనోమిత్రల రిజిస్టరులో ముప్పై కేసులు ఉండాలి. మమతారాణి మేడం చెడ్డ మనిషి కాదు, రిటైర్మెంటు లోపు ప్రశాంతంగా ఉండాలని కోరుకునే మనిషి. బుధవారం పొద్దున ఆరుగురినీ పిలిచి చీటీలు పంచింది. ఒక్కో చీటీ మీద ఒక్కో బాధ. మీలో మీరే ఒకరికొకరు చెప్పుకుని ఫారాలు నింపండి, అబద్ధం రాసినట్టు ఉండదు, అభ్యాసం చేసినట్టు ఉంటుంది, అంది. ప్రేమ విఫలం చీటీ కోసం కొట్లాట జరిగింది. అది సాయిచంద్‌కు దక్కింది. జోయల్‌కు "ఇంటి మీద బెంగ" వచ్చింది, వినాల్సిన వంతు నవీనకు వచ్చింది.

ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి తలుపు తీసి ఉంచాలనీ, గుమ్మంలో అటెండరు బాలమల్లు స్టూలు వేసుకుని కూర్చోవాలనీ ప్రిన్సిపాల్ ఆర్డరు. బాలమల్లు ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత హాయి డ్యూటీ ఎరగడు. కాళ్లు చాపుకుని లోపలికి తిరిగి కూర్చున్నాడు, నాటకం ముందు వరసలో కూర్చున్నట్టు.

"చెప్పు," అంది నవీన, ఫారం మోకాలి మీద పెట్టుకుని.

"ఏం చెప్పాలె?"

"చీటిల ఉన్నది చెప్పు. ఇంటికి పోవాలనిపిస్తున్నదా?"

జోయల్ చీటీని మడతపెట్టాడు. "లేదు. ఇంటికి పోబుద్ధి అయితలేదు."

నవీన కలం ఆపింది. "ఉల్టా చెప్తున్నవ్ జోయల్. బెంగ అంటే పోవాలనిపియ్యాలె."

"అయితే పోవాలనిపిస్తున్నదని రాసుకో."

రాసుకుంది. కానీ సమస్య వివరం అనే చోట ఆరు గీతలున్నాయి, ఒక గీతే నిండింది. "ఎందుకు పోబుద్ధి అయితలేదు మరి?" అని అడిగింది, మిగతా ఐదు గీతల కోసం.

"ఐతారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక ఉన్నది," అన్నాడు జోయల్.

ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. పోయినేడు అతనికి మూడు పేపర్లు తప్పాయి. స్టాటిస్టిక్స్, బిజినెస్ లా, ఇన్‌కమ్ టాక్స్. మళ్లీ రాశాడు. వాళ్ల నాయినమ్మ సాయవ్వ మెథడిస్టు చర్చిలో పెద్ద మనిషి లాంటిది. ఆ మూడు పేర్లూ పాస్టరయ్యతో చీటీ మీద రాయించుకుని, బుధవారం ఆడవాళ్ల ప్రార్థనలో పెట్టింది. వానల కోసం, పత్తి ధర కోసం, మంచాన పడ్డవాళ్ల కోసం ప్రార్థన అయ్యాక వరసగా ఈ మూడూ వచ్చేవి. ఆరు నెలల పాటు ప్రతి బుధవారం ఇరవై మంది ఆడవాళ్లు మోకాళ్ల మీద ఉండి, నోరు తిరగని ఆ పేర్లను దేవుడి ముందు పెట్టారు. ఇన్‌కమ్ టాక్స్ అంటే ఎవరో పెద్దసారు అనుకున్న ఒకావిడ, ఆయన గుండె మెత్తబరచమని కన్నీళ్లతో వేడుకునేదట. మూడూ గట్టెక్కితే యాటను, అంటే మేకపోతును, కోసి ఊరంతటినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెడతానని సాయవ్వ మొక్కుకుంది. ఆదివారం జరిగే ఆ కూడికలో పిల్లవాడు లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి.

"శెభాష్, మంచిగ కడుతున్నడు," అన్నాడు గుమ్మంలోంచి బాలమల్లు. "నాకైతే నిజమే అనిపిస్తుంది."

"రిజల్టు వచ్చి మూడు వారాలాయె," అంది నవీన. "నువ్వు పాసైనవని సాయిచంద్ చెప్పిండు గదా?"

"అందరికి గట్లనే చెప్పిన. నాయినమ్మకు గూడ పాసైన అనే చెప్పిన. మూడూ పోయినయ్."

"మరి ఉన్నది చెప్పకపోయినవా?"

"రెండుసార్లు ఫోన్ చేసిన. ఆమెకు చెవులు వినరావు. ఫెయిలైన అని హాస్టల్ వరండల నిలవడి మొత్తుకోవాలె. నాతోని కాలే. నేను మెల్లగ చెప్పిన, ఆమె నవ్వుకుంట పెట్టేసింది. ఇప్పుడు యాట వచ్చింది. చుట్టాలకు చెప్పిన్రు. ఐతారం నేను దేవుని ముంగట నిలవడి అబద్ధం సాక్ష్యం చెప్పాలె, లేకుంటే గంత మంది ముంగట మా నాయినమ్మను అబద్ధం చెయ్యాలె. రెండూ నాతోని కావు. రెండూ లేకుండ ఒక్క తొవ్వ ఉన్నది."

ఫారంలో ఆరు గీతలూ నిండిపోయాయి. నవీన తలెత్తి చూసింది. పోస్టుకార్డు మనిషి పది నిమిషాలుగా మాట్లాడుతున్నాడు. చీటీలో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

"సాయిచంద్‌కు నీ బ్యాటు ఎందుకు ఇచ్చినవ్?" అని అడిగింది. వారం నుంచి సాయిచంద్ ఆ బ్యాటు చూపించుకుంటూ తిరుగుతున్నాడు.

"నాకు ఇగ దాంతోని పనిలేదు."

నవీనకు భయం వేసింది. పక్కన సారు లేడు, మేడం లేదు, చేతిలో ఉన్నది దొంగ కేసుల ఫారం. ఆ మాట అడగాలి. నోట్లోంచి వస్తే ఏ దేవత వింటుందో. రాకపోతే జోయల్ ఇట్లాగే లేచి, దండం పెట్టి, గదిలోంచి వెళ్లిపోతాడు. దేవతలు వింటే వినుగాక అనుకుంది.

"జోయల్, సచ్చిపోవాలనుకుంటున్నవా?"

గొంతు ఎప్పటి గొంతే. మెట్ల మీద దిగుతున్నవాళ్లు ఆగిపోయారు. పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది. బాలమల్లు, "థూ, థూ, ఏం మాటలే పిల్లా," అంటూ స్టూలు మీంచి లేచాడు.

"ఔ," అన్నాడు జోయల్.

బాలమల్లు లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు. తర్వాత ముప్పై ఏళ్లలో మొదటిసారి ప్రిన్సిపాల్ ఆర్డరు తప్పాడు. తలుపు దగ్గరికి వేసి, బయట స్టూలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరికీ, "ఏం లేదు, లోపల లెక్కలు చూస్తున్నరు, పోండ్రి పోండ్రి," అని చెప్పాడు. ఒకణ్ణి మేడం దగ్గరికి తరిమాడు.

లోపల నవీన ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "నేను ఈడనే ఉన్న," అని మూడు నాలుగుసార్లు అంది. జోయల్ ఏడ్చాడు. ఏడుస్తూ, ఎవరికీ చెప్పొద్దన్నాడు.

"చెప్త," అంది నవీన. "వేరే ఏది చెప్పినా నా పొట్టల దాసుకుందును. గిది దాసుకోను. నువ్వు కోపం చేసినా సరే, మాట్లాడకున్నా సరే."

మమతారాణి మేడం వచ్చింది. గుమ్మంలోనే ఆమెకు సంగతి అర్థమైంది, జోయల్ ముఖం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఒక్క క్షణం ఆమె చూపు నవీన మోకాలి మీది ఫారం వైపు వెళ్లింది. ఆ ఫారాన్ని తీసుకుని మడతపెట్టి తన బ్యాగులో వేసుకుంది. కుర్చీ లాక్కుని జోయల్ పక్కన కూర్చుని, శిక్షణలో ఇచ్చిన కార్డు మీది సర్కారు సహాయ నంబరుకు తనే ఫోన్ చేసి, అతని చేతికిచ్చింది. అవతలి మనిషి నలభై నిమిషాలు మాట్లాడాడు. మధ్యాహ్నం మేడం తన స్కూటీ వదిలేసి, ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. తిరిగి వచ్చాక, ఇక ఇంటికి చెప్పాలి అంది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని నవీన అడిగింది.

జోయల్ కాలేజీ వరండా వైపు చూశాడు, వచ్చేపోయే జనాన్ని చూశాడు. "నువ్వే చెప్పు. నాకు గంత గొంతు లేదు," అన్నాడు.

కాలేజీలో జోయల్ ఫోన్‌కు సిగ్నలు అందేది జెండా దిమ్మె దగ్గర ఒక్కచోటే. నవీన అక్కడ నిలబడి ఫోన్ చేసింది. జోయల్ పక్కన నిలబడ్డాడు, అతని పక్కన మేడం.

"నాయినమ్మా! నేను జోయల్ దోస్తును, నవీనను! జోయల్ పాస్ కాలే! మూడు పేపర్లు పోయినయ్!"

కాలేజీ కిటికీలన్నీ తలకాయలతో నిండిపోయాయి. జోయల్ కళ్లు మూసుకున్నాడు.

"మూడూనా?" అంది అవతల సాయవ్వ.

"మూడూ!"

"స్టాటిస్టిక్సు గూడనా? దానికి నేను ఉపాసం గూడ ఉంటి గదనే."

"గది గూడ పోయింది నాయినమ్మా! చెప్తే నువ్వు బాధపడుతవని అబద్ధం చెప్పిండు! ఇప్పుడు వానికి బతకబుద్ధి అయితలేదట!"

చుట్టూ ఉన్న సద్దు కూడా ఆగిపోయింది. ఫోన్‌లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"వాడేడి?"

"నా పక్కకే ఉన్నడు!"

"తిన్నడా?"

నవీన జోయల్ వైపు చూసింది. "పొద్దటి సంది తినలే!"

"తినిపియ్యి. నేను వస్తున్న," అని సాయవ్వ ఫోన్ పెట్టేసింది.

రహస్యం కాపాడాలనే నియమం ఆ రోజు జెండా దిమ్మె దగ్గరే ఎగిరిపోయింది. పన్నెండు వందల మందికి తెలిసిపోయింది. విచిత్రం ఏమిటంటే ఎవరూ నవ్వలేదు. సాయిచంద్ వచ్చి ఏమీ మాట్లాడకుండా బ్యాటు జోయల్ చేతిలో పెట్టాడు, తన పరుపు చుట్టుకుని జోయల్ గదికి మారాడు. సెకండియర్ పిల్లలు ఇద్దరు బాలమల్లు దగ్గరికి వచ్చి, ఆ గట్టిగా మాట్లాడే అక్క రేపు ఎన్నింటికి ఉంటుందని అడిగి వెళ్లారు.

గురువారం పొద్దున పదింటికి సాయవ్వ హాస్టల్ దగ్గర బస్సు దిగింది, వెనక జోయల్ తండ్రి మైసయ్య. వాళ్ల కోసం నవీన అప్పటికే హాస్టల్ వరండా ముందు నిలబడి ఉంది. మగపిల్లల హాస్టల్లోకి ఆడవాళ్లు రాకూడదని బోర్డు ఉంది. సాయవ్వకు చదువు రాదు, చదివి చెప్పే ధైర్యం వార్డెన్‌కు లేదు. తిన్నగా లోపలికి పోయి మనవణ్ణి పట్టుకుని వరండాలోకి తెచ్చింది. రెండు చేతులతో ముఖం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో కొన్న కుండకు ఎక్కడన్నా బీట ఉందేమో చూసినట్టు.

"కూడిక బంద్ చేసినవా నాయినమ్మా?" అన్నాడు జోయల్. మెల్లగా అన్నాడు. నవీన పక్కన నిలబడి ఆ మాటను సాయవ్వకు అందేలా మళ్లీ చెప్పింది.

"ఎందుకు బంద్ చేస్త? యాట ఉన్నది, బియ్యం ఉన్నయి, ఊరిని పిలిచిన."

"పాస్ కాలే గదా."

"కాలేదని చెప్పు. లేసి నిలవడి, మూడు పోయినయి, నాయినమ్మకు అబద్ధం చెప్పిన, సచ్చిపోదామనుకున్న, సావలే అని చెప్పు. అంతకన్న సాక్ష్యం ఏముంటది? ఆ మూడు ఏందియో నాకు ఇప్పటికి తెల్వదురా. తెల్వనిదాని కోసం ఆరు నెలలు మోకాళ్లు అరిగిచ్చుకున్న. నువ్వెవలివో నాకు తెలుసు. ఐతారం నీ కోసం మొక్కుత."

జోయల్ నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచి, బట్టలు సర్దుదాం పద, డాక్టరు ఇచ్చిన గోలీలు ఏడవెట్టినవ్ అంటూ మెట్లెక్కించింది. పన్నెండున్నరకు మంచిర్యాల బస్సు ఉంది.

కింద మైసయ్య, నవీన మిగిలారు. మైసయ్య వచ్చినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. జోయల్ ఎవరి పోలికో నవీనకు అప్పుడు తెలిసింది. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, హాస్టల్ మెట్టు మీద ఒక అంచున కూర్చున్నాడు, మెట్టంతా వాడుకుంటే ఎవరైనా ఏమన్నా అంటారేమో అన్నట్టు.

"బిడ్డా," అన్నాడు.

"చెప్పుండ్రి కాకా."

"వాడు ఫెయిలైండని నాకు ఎరికే."

నవీన ఆయన వైపు తిరిగింది.

"మూడు వారాల సంది ఎరికే. లక్సెట్టిపేటల జిరాక్సు దుకాణం పిలగానితోని నంబరు కొట్టిచ్చి చూసిన. వాడేమో పాసైన అన్నడు. మంచిదన్న. అడిగితే నా ముంగట తలకాయ దించుకుంటడు గదా, వాడే చెప్తడు తియ్యి అని ఊకున్న." చొక్కా అంచు సర్దుకున్నాడు. "యాటను గూడ నేనే తెచ్చిన బిడ్డా. ధర్మపురి దాక పోయి, మంచిది చూసి తెచ్చిన. ఎరికుండి తెచ్చిన."

నవీనకు ఏడుపు వచ్చింది. ఆపుకుంది. "గీ మాట జోయల్‌కు చెప్పిన్రా?"

"లేదు."

"చెప్పుండ్రి కాకా."

"ఎట్ల చెప్పాలె?" అన్నాడు మైసయ్య. నిజంగానే అడుగుతున్నాడు. "మీకు రెండు దినాలు ట్రైనింగ్ ఇచ్చిన్రట గదా. నాకు గూడ జర నేర్పియ్యి. వాన్తోని ఎట్ల మాట్లాడాలె?"

ఇంతవరకు మనోమిత్రలను తనంత తానుగా నేర్పమని అడిగినవాళ్లు లేరు. నవీన మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. గుర్తున్న కాడికి మొదలుపెట్టింది.

"ముందుగాల గిట్ల పక్కపొంటి కూసోవాలె. నిలవడి అడగొద్దు."

"ఊ."

"వాడు చెప్తుంటే నడుమ మాట్లాడొద్దు."

"నేను ఎన్నడు మాట్లాడిన బిడ్డా," అన్నాడు మైసయ్య. "గదే గదా వచ్చిన తిప్పలు."

నవీన ఆగిపోయింది. హైదరాబాద్ సారు చెప్పిందంతా ఆగకుండా మాట్లాడేవాళ్ల కోసం చెప్పింది. ఇరవై ఏళ్లుగా నోరు తెరవని మనిషికి ఏం నేర్పాలో ఆయన చెప్పలేదు.

"అయితే మీరే మాట్లాడాలె. నేనే జోయల్‌ను అనుకోండ్రి. చెప్పుండ్రి."

మైసయ్య ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు. రెండోసారి, "నాకు ఎరికే," దాకా వచ్చి ఆగాడు. మూడోసారి యాట దాకా వచ్చాడు. నవీన ఎదురుచూసింది. నాలుగోసారి చివరిదాకా చెప్పాడు, చెప్పి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"గట్లనే," అంది నవీన. "ఏడుపు వచ్చినా ఆపకుండ్రి."

పైనుంచి పెట్టె చప్పుడు వినిపించింది. జోయల్ రేకు పెట్టె మోసుకుంటూ దిగుతున్నాడు, వెనక సాయవ్వ, బస్సు పోతుంది, జల్ది నడువు అని తొందరపెడుతోంది. నవీన లేచి పక్కకు తప్పుకుంది. మైసయ్య లేవలేదు. కొంచెం జరిగి, తన పక్కన మెట్టు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"కూసో కొడుకా," అన్నాడు.

"బస్సు వస్తది బాపూ."

"ఇంకోటి ఉంటది. కూసో."

జోయల్ తండ్రి ముఖం చూశాడు. పెట్టె కింద పెట్టి, కూర్చున్నాడు.

"నాకు ఎరికే," అని మొదలుపెట్టాడు మైసయ్య.

పన్నెండున్నర బస్సు వెళ్లిపోయింది. ఒకటిన్నరది కూడా వెళ్లిపోయింది.